శుక్రవారం ఎవరిది?

"చెంచా ఎందుకే?" అంది ఎస్తేరు.

క్రిస్టీనా పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. శుక్రవారం మధ్యాహ్నం, వేడి అన్నం, కోడికూర. పద్నాలుగేళ్ళలో ఆ పిల్ల కోడికూర చెంచాతో తిన్న పాపాన పోలేదు. ఇవాళ ఎడం చేత్తో చెంచా పట్టుకుని మెతుకులు ఏరుకుంటోంది.

"ఊరికే," అంది.

"ఊరికే ఏంటి? ఆ కుడిచెయ్యి ఇటు చూపించు."

"తింటున్నా కదమ్మా."

"తిందువుగాని. ముందు చూపించు."

నతానియేలు కూర గిన్నె తన వైపు లాక్కుని, ముక్క కోసం గరిటె తిప్పడం మొదలుపెట్టాడు. ముక్కలేమో పైకే కనిపిస్తున్నాయి. ఆ మనిషి ఏదైనా దాచాల్సి వస్తే ఇలాగే చేస్తాడు, ఎదురుగా ఉన్నదాన్ని వెతుకుతాడు. పదహారేళ్ళ కాపురంలో ఎస్తేరుకి ఇది తెలియంది కాదు గానీ, అప్పుడు ఆవిడ చూపంతా కూతురి మీదే ఉంది.

చెయ్యి బల్ల కిందనుంచి మెల్లగా పైకి వచ్చింది. ఉంగరం వేలు వాచిపోయి, కణుపు దగ్గర నీలంగా కమిలి ఉంది.

"దేవా," అంది ఎస్తేరు. "ఎప్పుడు?"

"బుధవారం."

"బుధవారమా? మరి పొద్దున్న చర్చిలో మూడు పాటలు వాయించావు?"

"ఆ వేలు పెట్టకుండా వాయించాను."

అదీ సంగతి. గల్ఫ్‌లో సెలవు శుక్రవారమే, ఆరాధన కూడా ఆ రోజే. పొద్దున మనామా ఊళ్ళో హాల్లో ఆరాధన అవుతుండగా, ఇక్కడి తెలుగు క్రైస్తవుల సహవాసం పెద్ద సత్యవేదం గారు, "ఈ వారం మన అమ్మాయి ఎంత నెమ్మదిగా, ఎంత ఆత్మీయంగా వాయించిందండీ" అని అందరి ముందూ మెచ్చుకున్నారు. నెమ్మది ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకేం తెలుసు?

ఆ మెచ్చుకోలు విన్న ఊపులోనే ఎస్తేరు సాక్ష్యం చెప్పడానికి లేచింది. ఎనభైమంది ముందు నిలబడి, చేతిలో రుమాలు నలుపుతూ, తన కూతురు తొమ్మిదో తరగతిలోకి వెళ్తోందనీ, స్కూల్లో సంగీతం సబ్జెక్టుగా తీసుకుంటోందనీ, ఇకమీదట ప్రతి శుక్రవారం దేవుని సన్నిధిలో కీబోర్డు తనే వాయిస్తుందనీ చెప్పింది. ఏడేళ్ళ కిందట తను దేవుడికి ఇచ్చిన మాట ఈ ఏడు నెరవేరిందంది. అందరూ ఆమేన్ అన్నారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు కూడా తుడుచుకున్నారు.

అంతా బాగానే ఉంది. కూతుర్ని అడగడం ఒక్కటే మర్చిపోయింది.

సాక్ష్యం అంటే దేవుడు తమకి చేసిన మేలు అందరికీ చెప్పుకోవడం. జరిగిపోయినదాన్ని చెప్పాలి. ఎస్తేరు జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పేసింది. చెప్పినదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఆ సహవాసంలో లేదు. ఇంతవరకూ ఎవరికీ ఆ అవసరమూ పడలేదు.

"దెబ్బ ఎలా తగిలింది?" అంది ఇప్పుడు.

"బంతి తగిలింది."

"ఏం బంతి?"

"హ్యాండ్‌బాల్. స్కూల్ టీముకి సెలెక్షన్స్ జరిగాయి. గోల్‌కీపర్‌గా తీసుకున్నారు నన్ను."

ఎస్తేరు కుర్చీ వెనక్కి జరిపింది. చర్చికి కట్టుకున్న పట్టుచీర ఇంకా ఒంటిమీదే ఉంది. "సెలెక్షన్సుకి నిన్నెవరు వెళ్ళమన్నారు?"

గిన్నెలో గరిటె ఆగిపోయింది.

"ఆ ఫారం ఏది?" అంది ఎస్తేరు. "సబ్జెక్టులూ ఆటలూ రాసివ్వాలన్నావు, ఆదివారానికి ఇవ్వాలన్నావు. ఏది?"

"బ్యాగులో ఉంది."

"పట్రా."

పిల్ల కదల్లేదు. తండ్రి వైపు చూసింది. ఆ ఒక్క చూపుతో ఎస్తేరుకి సగం అర్థమైపోయింది. తనే లేచి వెళ్ళి బ్యాగు జిప్పు లాగి, ప్లాస్టిక్ ఫైలులోంచి కాగితం తీసింది.

తొమ్మిదీ పదీ రెండేళ్ళకీ కలిపి ఒకే ఫారం. క్లబ్బు అన్నచోట 'సైన్సు' అని ఉంది. దానితో ఎవరికీ గొడవ లేదు. దాని కింద 'అదనపు సబ్జెక్టు, ఒక్కటే ఎంచుకోవాలి' అని రెండు గళ్ళు. ఒకటి సంగీతం, ఒకటి వ్యాయామ విద్య. రెండో గడి ఎదురుగా, 'స్కూల్ టీములో ఉన్నవారికి మాత్రమే, ప్రాక్టీసు శుక్రవారం ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర' అని చిన్న అక్షరాల్లో ఉంది. అన్నిటికంటే కింద, ఒకసారి ఇచ్చాక మార్చడం కుదరదని ఉంది.

టిక్కు రెండో గడిలో ఉంది. కింద తల్లి సంతకం గడి ఖాళీ. తండ్రి సంతకం గడిలో నీలం సిరాతో నతానియేలు పేరు.

ఎస్తేరు ఆ కాగితం తీసుకొచ్చి కూర గిన్నె పక్కన పెట్టింది.

"ఎప్పుడు పెట్టారు?"

"నిన్న," అన్నాడు నతానియేలు. "స్కూలు దగ్గర ఏసీ పని ఉంటే వెళ్ళాను. పిల్ల బయటికి వచ్చి అడిగింది. వ్యాన్ బానెట్ మీద పెట్టి..."

"నిన్న సంతకం పెట్టారు. ఇవాళ నేను సాక్ష్యం చెబుతుంటే నా వెనక వరసలోనే కూర్చున్నారు."

"కూర్చున్నాను."

"ఆమేన్ అన్నారు. మీ గొంతే అందరికంటే పెద్దగా వినిపించింది నాకు."

"అందరూ అన్నారు కదా ఎస్తేరూ."

"అందరూ సంతకం పెట్టలేదుగా."

నతానియేలు గరిటె గిన్నెలో వదిలేశాడు. పాపం, చెడ్డవాడు కాదు. ఎదురుగా ఎవరు ఉంటే వాళ్ళని నొప్పించలేడు, అంతే. గురువారం ఎదురుగా కూతురు ఉంది, శుక్రవారం పెళ్ళాం ఉంది.

"లేచి ఆపమంటావా?" అన్నాడు. "అంతమంది ముందు నీ పరువు తియ్యమంటావా?"

"ఇప్పుడు నిలబెట్టారా?"

"అమ్మా, నాన్ననేం అనకు," అంది క్రిస్టీనా. "నువ్వు నన్ను అడిగావా? ఒక్కసారైనా అడిగావా, సంగీతం తీసుకుంటావా అని?"

"ఏడేళ్ళుగా వాయిస్తున్నావు. కొత్తగా అడిగేదేంటి?"

"అదేనమ్మా, అడగవు. నా సంగతి నాకంటే ముందు చర్చిలో వాళ్ళకి తెలుస్తుంది."

ఎస్తేరు వంగి కాగితం పక్కకి జరిపింది. పళ్ళేలు తీసింది. అన్నం అలాగే ఉన్న కూతురి పళ్ళెం కూడా తీసింది. వంటింట్లో కుళాయి చాలాసేపు పారింది. కడగడానికి ఉన్నవి మూడు పళ్ళేలూ ఒక గిన్నే.

*

సాయంత్రం ఐదింటికి బెల్లు మోగింది.

తలుపు తీస్తే సత్యవేదం గారు. భుజం మీద దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట, ఒళ్ళంతా చెమట. మనామాలో టైలర్ షాపు నడిపే మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. ట్యాక్సీ దిగి, లిఫ్టు పనిచెయ్యక, మూడంతస్తులు ఆ మూట మోసుకుని ఎక్కాడు.

"వందనాలమ్మా ఎస్తేరూ."

"వందనాలండి అయ్యగారూ. రండి, రండి. అదేంటండి, ఒక్కరే మోసుకొచ్చారు?"

"పొద్దున్న నీ సాక్ష్యం విన్నాక నాకు కాలు నిలవలేదమ్మా." మూట సోఫా మీద దింపి దుప్పటి విప్పాడు. సహవాసం కీబోర్డు. "ఇదివరకు వాయించే అచ్చిబాబు ఇండియా వెళ్ళిపోయాక ఇది వారంలో ఆరు రోజులు నా షాపులో కత్తిరింపు బల్ల కిందే పడుంటోంది. ఇక్కడుంటే అమ్మాయి రోజూ సాధన చేసుకుంటుంది కదా. శుక్రవారం పొద్దున్న నతానియేలు వ్యాన్‌లో వేసుకొస్తాడు. ఏం నతానియేలూ?"

"అలాగేనండి," అన్నాడు నతానియేలు. అన్నాక ఎస్తేరు వైపు చూశాడు. ఎస్తేరు గోడవైపు చూసింది.

టీ పెట్టింది. బిస్కట్లు పళ్ళెంలో పెట్టింది. సత్యవేదం గారు కీబోర్డు మీద దుమ్ము దస్తీతో తుడుస్తూ, "ఏదమ్మా మన సంగీతం టీచరు?" అని పిలిచారు.

క్రిస్టీనా గదిలోంచి వచ్చి వందనాలు చెప్పింది. చేతులు జోడించేసరికి వేలు బయటపడింది.

"అదేంటి తల్లీ?"

"బంతి తగిలిందండి. బుధవారం."

"బుధవారమా? మరి పొద్దున్న..." పెద్దాయన టీ కప్పు కింద పెట్టేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నొప్పితోనే వాయించావా? ఇది కూడా సాక్ష్యమేనమ్మా. వచ్చే శుక్రవారం నువ్వే నిలబడి ఈ సంగతి చెప్పాలి. పిల్లలు నేర్చుకుంటారు."

నతానియేలు బిస్కట్ల పళ్ళెంలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"అయ్యగారూ, వచ్చే శుక్రవారం నేను రావట్లేదండి," అంది క్రిస్టీనా.

"ఎందుకమ్మా, వేలు నొప్పనా? వాయించొద్దులే. ఊరికే వచ్చి చెప్పు."

"అందుక్కాదండి. శుక్రవారాలు నాకు హ్యాండ్‌బాల్ ప్రాక్టీసు ఉంటుంది. పదిన్నరకి అవుతుంది. స్కూలునుంచి మనామా వచ్చేసరికి మన ఆరాధన అయిపోవస్తుంది."

సత్యవేదం గారు ఎస్తేరు వైపు చూశారు, తను విన్నది ఆవిడ కూడా విందా అన్నట్టు. "మీ అమ్మ సాక్ష్యం చెప్పింది కదమ్మా."

"అమ్మ చెప్పిందండి. నేను చెప్పలేదు."

మాట మెత్తగానే వచ్చింది. వినయంగానే వచ్చింది. అయినా ఎస్తేరుకి చెంప మీద కొట్టినట్టే తగిలింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి ముందు, మూడంతస్తులు బరువు మోసుకొచ్చిన మనిషి ముందు, అబద్ధం చెప్పినదానిలా నిలబడిపోయింది.

సత్యవేదం గారికి కోపం రాలేదు. వస్తే బాగుండునని ఎస్తేరుకే అనిపించింది. ఆయన కాసేపు కీబోర్డు మెట్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు. ప్రార్థనలో ఎవరి పేరూ ఎత్తలేదు. ఈ ఇంటికి శాంతి సమాధానాలు ఇమ్మని మాత్రం అడిగారు. సగం టీ వదిలేసి లేచారు.

"ఇది తీసుకెళ్ళిపోతారా అండి?" అంది ఎస్తేరు, కీబోర్డు చూపిస్తూ.

"మళ్ళీ ఇంత బరువు నేనెక్కడ మొయ్యనమ్మా. ఉండనీ," అన్నారు.

ఆయన్ని దింపడానికి నతానియేలు వ్యాన్ తాళాలు తీసుకుని వెంట వెళ్ళాడు. తలుపు వేశాక తల్లీ కూతుళ్ళు ఇద్దరే మిగిలారు. మధ్యలో సోఫా మీద కీబోర్డు.

ఆ సాయంత్రం ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. కూర్చోవడానికి చోటు లేక ముగ్గురూ ఎవరి మూల వాళ్ళు చూసుకున్నారు.

*

శనివారం ఎస్తేరు పనిచేసే పళ్ళ క్లినిక్కుకి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగుదాకా విరామం. మిగతా రోజుల్లో ఆ మూడు గంటలూ వంటకీ ఉతకడానికీ సరిపోతాయి. ఆ రోజు వచ్చీ రాగానే పెనం మీద ఉప్పు వేయించి, పాతచీర గుడ్డలో మూట కట్టి, కూతురి గదిలోకి వెళ్ళింది.

"చెయ్యి ఇటివ్వు."

క్రిస్టీనా ఇచ్చింది. ఎస్తేరు మంచం మీద కూర్చుని కాపడం పెట్టసాగింది.

"కాలుతోందా?"

"లేదు."

"డాక్టరుకి చూపించావా?"

"స్కూల్లో నర్సు చూసింది. విరగలేదంది. వారంలో తగ్గుతుందంట."

కింద రోడ్డు మీద ఎవరో గ్యాస్ సిలిండర్లు దింపుతున్నారు.

"నేను నిన్ను మీ అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చినప్పుడు నీకు రెండేళ్ళు," అంది ఎస్తేరు.

"తెలుసమ్మా."

"అది తెలుసు. తర్వాతది నీకు తెలీదు. మీ నాన్న కంపెనీ క్యాంపులో ఉండేవారు, నేను గలాలీ ఊళ్ళో ఒక ఇంట్లో పనికి ఉండేదాన్ని. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, కవలలు. ఐదేళ్ళు చూశాను వాళ్ళని. ఈత క్లాసుకి నేనే తీసుకెళ్ళేదాన్ని, తువ్వాళ్ళు పట్టుకుని బెంచీ మీద కూర్చునేదాన్ని. వాళ్ళు నీళ్ళలోంచి రాగానే ముందు నా వైపే చూసేవారు, బాగా చేశామా అని. బాగా చేశారు, బాగా చేశారు అనేదాన్ని. ఇంటికొచ్చాక బాత్రూములో కూర్చుని ఏడిచేదాన్ని."

క్రిస్టీనా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మీ నాన్నకి ఫ్యామిలీ వీసా వచ్చి నిన్ను తెచ్చుకునేసరికి నీకు ఏడేళ్ళు. మొదటి నెల నువ్వు నన్ను ఏమని పిలిచేదానివో గుర్తుందా?"

"లేదు."

"ఆంటీ అనేదానివి."

"నేనా?"

"నువ్వే. ఆంటీ, మంచినీళ్ళు. ఆంటీ, అమ్మమ్మకి ఫోన్ చెయ్యి. మీ నాన్న తిట్టబోతే వద్దన్నాను. పిల్ల తప్పేముంది." ఎస్తేరు మూట తిప్పి రెండో వైపు పెట్టింది. "ఒక శుక్రవారం చర్చిలో అచ్చిబాబు పక్కన చేరి ఆ కీబోర్డే చూస్తున్నావు. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, అమ్మా, ఇది నొక్కనా అన్నావు. అదే మొదటిసారి. అక్కడే మోకాళ్ళ మీద పడ్డాను. దేవా, ఈ పెట్టె దగ్గర నా బిడ్డని నాకిచ్చావు, నా బిడ్డ ఎప్పటికీ నీ కోసం దీని దగ్గరే ఉంటుంది అని మాటిచ్చాను."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"ఏమని చెప్పను? నన్ను ఆంటీ అన్నావని చెప్పనా?"

క్రిస్టీనా ఉప్పు మూట అంచు పట్టుకుంది. "నాకు కీబోర్డు ఇష్టమేనమ్మా. కానీ ఎందుకు ఇష్టమో తెలుసా? నువ్వు పక్కన కూర్చుంటావని. వారమంతా నువ్వు డ్యూటీలో ఉంటావు. శుక్రవారం ఒక్కరోజే మనం పక్కపక్కన ఉంటాం."

"మరి అదే వదిలేసి పోతానంటున్నావు."

రెండు రోజులుగా దేవుడి పేరు మీదా, పెద్దాయన పేరు మీదా, పరువు పేరు మీదా నడిచిన గొడవంతా నిజానికి ఇదే. చర్చిలో పక్కన కూర్చునే ఆ కాసేపూ పోతే కూతురితో తనకేం మిగులుతుందన్నదే ఎస్తేరు భయం.

"వదిలేసి కాదమ్మా." పిల్ల ఎలా చెప్పాలా అని వెతుక్కుంది. "నేను ఈ స్కూల్లో చేరినప్పుడు నాకు ఇంగ్లీషు రాదు, హిందీ రాదు. రెండేళ్ళు క్లాసులో నోరు విప్పలేదు. ఎవరేం అడిగినా పక్కనున్న పిల్ల నా బదులు చెప్పేసేది. ఇంట్లో నువ్వు చెప్తావు, చర్చిలో అయ్యగారు చెప్తారు. గోల్‌లో నిలబడితే అలా కాదు. బంతి నా మీదకి వస్తుంది, నేనే ఆపాలి. ఆపితే అందరూ నా పేరు పెట్టి అరుస్తారు. పోతే కూడా నా పేరే. నా బదులు ఇంకెవరూ ఉండరు అక్కడ."

"దెబ్బలు తగుల్తాయి."

"తగుల్తాయి. బుధవారం ఈ వేలితోనే ఆపాను. ఆ బంతి ఆపాకే కోచ్ నా పేరు రాసుకుంది." అంత నొప్పిలోనూ ఆ మాటకి పిల్ల మొహం వెలిగింది. "ఒకసారి వచ్చి చూడమ్మా. ఒక్కసారి."

"శుక్రవారం చర్చి మానేసి ఆటలు చూడ్డానికి ఎలా వస్తానే? నేనెప్పుడైనా చర్చి మానానా? జ్వరంతో కూడా వెళ్ళాను."

"అవునులే," అంది క్రిస్టీనా.

ఆ 'అవునులే' ఎస్తేరుకి నచ్చలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఉప్పు చల్లారిపోయింది. మూట విప్పి, మళ్ళీ వేయించడానికి వంటింట్లోకి వెళ్ళింది.

అక్కడ నతానియేలు నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలీదు.

"విన్నారా?"

"విన్నాను."

"ఇప్పుడు ఎవరికి ఆమేన్ అంటారు?"

"నిన్న సత్యవేదం గారిని దింపడానికి వెళ్ళినప్పుడు దారిలో ఆయన ఒక మాట అడిగారు. ఎస్తేరుకి పిల్ల ఈ సంగతి ముందే చెప్పిందా అని. లేదండి, నాకు చెప్పింది, నేను దాచానన్నాను. తప్పు నాదేనన్నాను. ఎస్తేరు అబద్ధం ఆడలేదండి, తెలియక చెప్పిందన్నాను."

"ఆయనేమన్నారు?"

"తెలియకపోతే అడగొచ్చు కదా అన్నారు."

ఎస్తేరు పెనం మీద ఉప్పు పోసింది. అది చిటపటమనేదాకా కదపలేదు.

"నన్ను కూడా ఎవరూ అడగలేదు," అంది ఉన్నట్టుండి. "రెండేళ్ళ పిల్లని వదిలి గల్ఫ్ వెళ్తావా అని మా ఇంట్లో ఎవరైనా అడిగారా? మా నాన్న ఏజెంటుతో మాట్లాడేసి వచ్చి, అంతా కుదిరిపోయిందన్నాడు. మీరూ సరేనన్నారు. ఎంత ఏడిచానో మీకు తెలుసు."

"తెలుసు."

"అలాంటిదాన్ని, నా పిల్లకి నేనూ అదే చేశాను."

నతానియేలు దగ్గరికొచ్చి స్టవ్వు ఆపాడు. ఆమేనూ అనలేదు, కాదనీ అనలేదు. ఆ కాసేపు ఆవిడకి అదే నయమనిపించింది.

నాలుగింటికి ఎస్తేరు డ్యూటీకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు రెండోసారి కాపడం పెట్టి, వేలికి గుడ్డ చుట్టింది. ఫారం మాట ఎవరూ ఎత్తలేదు.

*

ఆదివారం పొద్దున ఆరుంపావుకి స్కూలు బస్సు.

క్రిస్టీనా లేచేసరికి టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, బ్యాగు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఎస్తేరు క్లినిక్కు యూనిఫాంలో ఉంది, జడ ఇంకా వేసుకోలేదు.

"అమ్మా, ఫారం. ఇవాళే ఇవ్వాలి. బస్సు దిగగానే గేటు దగ్గరే తీసుకుంటారు."

"బ్యాగులో పెట్టాను."

"సంతకం పెట్టావా?"

"పెట్టాను. బస్సు వస్తుంది, వెళ్ళు."

మొహంలో ఏమీ తెలియలేదు. క్రిస్టీనా మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి చూసింది. తల్లి గుమ్మంలోనే ఉంది. చెయ్యి ఊపలేదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రిఫా ఊరు దాటేదాకా ఫైలు తియ్యలేదు. తియ్యాలంటే భయం వేసింది. చివరికి తీసింది.

టిక్కు లేదు.

వ్యాయామ విద్య ఎదురుగా అంతకుముందు టిక్కు ఉన్నచోట వైట్‌నర్ పూసి ఉంది. మందంగా, గడి గీత దాటి పక్కకి కూడా వచ్చేలా, అలవాటు లేని చేత్తో పూసినట్టు ఉంది. పైన గోటితో తాకితే గరుకుగా తగిలింది.

క్రిస్టీనాకి కళ్ళు మండాయి. నిన్న అంతసేపు చెయ్యి పట్టుకుని కూర్చుంది. అన్నీ చెప్పింది, అన్నీ వింది. మళ్ళీ అడక్కుండానే చేసేసింది. ఫారం నలిపేసి కిటికీలోంచి పారేద్దామన్నంత కోపం వచ్చింది.

అప్పుడు పై గడి చూసింది. సంగీతం.

అక్కడా టిక్కు లేదు. ఖాళీ.

రెండు గళ్ళూ ఖాళీగానే ఉన్నాయి. కింద తండ్రి సంతకం పక్కన తల్లి సంతకం ఉంది, ఎప్పుడూ ఉండే వణుకు లేకుండా, నిండుగా. దాని పక్కన అంచులో, పెన్సిలుతో, చెరిపేసుకోవడానికి వీలుగా, తెలుగులో ఒక వాక్యం ఉంది. స్కూల్లో ఆ ఫారం తీసుకునేవాళ్ళెవరికీ చదవడం రాదు. చదవాల్సిన మనిషి ఒక్కతే.

క్రిస్టీనా చదివింది. మళ్ళీ చదివింది.

'శుక్రవారం నేను ఎక్కడికి రావాలో నువ్వే చెప్పు.'

బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. ఇంక రెండు మలుపులు తిరిగితే స్కూలు. క్రిస్టీనా బ్యాగులోంచి పెన్ను తీసి, గుడ్డ చుట్టిన వేలు అడ్డం రాకుండా సర్దుకుని పట్టుకుంది. పచ్చ లైటు పడింది, బస్సు కదిలింది. పెన్ను మూత ఇంకా తియ్యలేదు.